వీరగాథల్లో వద్దన్న తల్లి

హింసకు దిగిన మనిషి మీద జనం పాట ఎందుకు కడతారు? కట్టిన పాటలో ఎవరికి చోటు దొరుకుతుంది, ఎవరికి దొరకదు? మొదటి ప్రశ్నకు జానపద సాహిత్య పరిశోధకులు చాలా జవాబులు చెప్పారు. రాజ్యం నేరమన్నదాన్ని జనం న్యాయమనుకోవచ్చని, చట్టం ఎవరి పక్షమో అనుభవంతో తెలిసినవాళ్ళు దాన్ని ధిక్కరించినవాడిలో తమను చూసుకుంటారని అన్నారు. అందులో నిజం ఉంది. రెండో ప్రశ్నను స్త్రీల వైపు నుంచి అడిగినవాళ్ళు మాత్రం తక్కువ.

మా రోలుగుంట వైపు వాళ్ళకి ఇది పుస్తకాల ప్రశ్న కాదు. చోడవరం నియోజకవర్గంలో కొండల కింద ఉన్న మండలం మాది. 2022 దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. మైదానంలో వరి, చెరకు. నర్సీపట్నం దాటి పైకి పోతే మన్యం. ఆ కొండల నుంచి మా దాకా రెండు రకాల కథలు దిగివచ్చాయి. ఒకటి పితూరీల కథ. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర ఈ కథలో నాయకులు. సీతారామరాజు సమాధి మా పక్క గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేటలోనే ఉంది. రెండో రకం కథ గంజాయిది. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు కొండల్లోనూ సరిహద్దుకు అవతల ఒడిశాలోని మల్కనగిరి, కొరాపుట్ కొండల్లోనూ పండిన సరుకు ఘాట్ రోడ్ల మీదుగా దిగి, జాతీయ రహదారి ఎక్కి తమిళనాడుకో మహారాష్ట్రకో పోతుంది. దారిలో దొరికేది ఎక్కువగా మోసుకొచ్చిన కుర్రాళ్ళే.

ఈ రెండు కథలూ ఒకటే అని నేననను. ఒకటి తెల్లదొరల అడవి చట్టాల మీద, వెట్టిచాకిరీ మీద తిరుగుబాటు. రెండోది వ్యాపారం. కానీ చెప్పే తీరులో ఒక పోలిక ఉంది. తప్పించుకుపోవడం, పోలీసుల కళ్ళు కప్పడం, గుండె ధైర్యం, ఎవరో అమ్మేయడం వల్ల దొరికిపోవడం. వీరుడి కథకు మన దగ్గర తయారుగా ఉన్న అచ్చు అది. అందులో ఏ మగవాడి కథ పోసినా వీరగాథలాగే బయటికి వస్తుంది. ఆ అచ్చులో ఆడవాళ్ళకి ఏ ఖాళీ వదిలారో చూడాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మత్తు వ్యాపారానికీ పాటకీ ఉన్న బంధం బాగా కనిపించేది మెక్సికోలో. అక్కడ కథను పాడే గేయాన్ని కొరీదో అంటారు. ఫలానా సంవత్సరం, ఫలానా ఊరు, ఫలానా మనిషి అని మొదలుపెట్టి, చివర శ్రోతల దగ్గర సెలవు తీసుకోవడం దాని పాత పద్ధతి. మన బుర్రకథ విన్నవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. 1901లో టెక్సస్‌లో ఒక షెరీఫ్‌ను కాల్చి పారిపోయిన గ్రెగోరియో కోర్తెస్ మీద పుట్టిన కొరీదోలను అమెరికో పరేదెస్ 1958లో ఒక పుస్తకంగా పరిశీలించాడు. తెల్లవాళ్ళ చట్టం కింద నలిగిన మెక్సికన్లకు ఆ పాట ఎందుకు అవసరమయిందో ఆ పుస్తకం చెబుతుంది. 1910లో మొదలైన విప్లవం అలాంటి పాటలు ఇంకెన్నో ఇచ్చింది. తర్వాత 1920 నుంచి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం నడిచింది. సరిహద్దు దాటించి సారా అమ్మినవాళ్ళు పాటల్లోకి ఎక్కారు. సారా తర్వాత నల్లమందు, గంజాయి వచ్చాయి.

ఇక్కడ ఒక పాట కథ చెప్పాలి. సియుదాద్ హువారెజ్ పట్నంలో మార్ఫిన్ వ్యాపారం చేసిన పాబ్లో గొంజాలెజ్ 1930లో ఒక బారులో కాల్పుల్లో చనిపోయాడు. 1931లో అతని మీద ఒక కొరీదో రికార్డయింది. మత్తుమందు వ్యాపారి మీద వచ్చిన మొదటి పాటల్లో దాన్ని లెక్కపెడతారు. పాటలో అతను ఎవరికీ లొంగని మొనగాడు. అయితే అతని భార్య ఇగ్నాసియా హాసో, జనం పిలిచే పేరు లా నాచా, భర్త పోయాక దశాబ్దాల పాటు ఆ వ్యాపారాన్ని నడిపింది. జైలుకు వెళ్ళింది, తిరిగి వచ్చింది. ఎలెయిన్ కేరీ అనే చరిత్రకారిణి మత్తుమందు వ్యాపారంలోని స్త్రీల మీద 2014లో రాసిన పుస్తకంలో లా నాచాకు పెద్ద చోటే ఉంది. పాట దక్కింది మాత్రం బారులో కాల్పుల్లో పోయిన మొగుడికి. లా నాచా గొప్పదని నేననడం లేదు. ఆమె అమ్మిన మందు కూడా మనుషుల్ని చంపింది. పాట దేన్ని కథ అనుకుంటుందో ఇక్కడ తెలుస్తుంది. కాల్పుల్లో చావడం దానికి కథ. లెక్కలు రాసి, అప్పులు వసూలు చేసి, ముప్పై నలభై ఏళ్ళు వ్యాపారం నిలబెట్టడం కథ కాదు.

స్త్రీ పాటకెక్కిన సందర్భం లేకపోలేదు. 1970ల మొదట్లో లాస్ తిగ్రెస్ దెల్ నోర్తే బృందం పాడి పేరు తెచ్చుకున్న పాటలో కామెలియా అనే స్త్రీ, కారు టైర్లలో గంజాయి పెట్టుకుని ప్రియుడితో కలిసి సరిహద్దు దాటుతుంది. సరుకు అమ్ముడుపోయాక అతను, నీ వాటా నువ్వు తీసుకో, నేను వేరే ఆమె దగ్గరికి పోతున్నానంటాడు. ఆమె అతన్ని కాల్చి డబ్బుతో మాయమవుతుంది. స్త్రీ తుపాకీ పడితే దానికి కారణం ప్రేమలో మోసమే అయి ఉండాలన్నమాట. ఇదే బృందం 2004లో హువారెజ్‌లో హత్యకు గురవుతున్న స్త్రీల మీద కూడా ఒక పాట పాడింది. అక్కడ 1993 నుంచి వందలమంది ఆడపిల్లల శవాలు ఎడారిలో, చెత్తకుప్పల్లో దొరికాయి. వాళ్ళలో చాలామంది ఫ్యాక్టరీ కూలీలు. ఆ పాట వచ్చేసరికి పదకొండేళ్ళు పట్టింది.

పాటకు డబ్బెవరిస్తారన్నది కూడా చూడాలి. మెక్సికోలో వ్యాపారులు డబ్బిచ్చి తమ మీద పాటలు కట్టించుకున్నారు. అలా కట్టి పేరు పొందిన చలీనో సాంచెజ్ అనే గాయకుడు 1992లో కులియకాన్‌లో కచేరీ చేసిన రాత్రే హత్యకు గురయ్యాడు. మన దగ్గర కూడా ఆశ్రిత కులాల గాయకులు దాత కులం వంశగాథను పాడి ధాన్యమో డబ్బో తీసుకునేవారు. ఇచ్చేది ఆ కులంలోని ఇంటిపెద్ద, అంటే మగవాడు. ఆయన ఇంట్లో ఆడవాళ్ళు పడ్డ బాధ పాడితే గింజలు రాలవు.

ఇప్పుడు మన గాథకు వద్దాం. పాట ఒకవైపు, రాజ్యం రాసిన చరిత్ర ఒకవైపు, రెండూ మనకు దొరికిన అరుదైన సందర్భం సర్వాయి పాపన్నది. కల్లుగీత కులంలో పుట్టి, 1690ల నుంచి 1710 వరకు జనగామ ప్రాంతంలో మొగలు అధికారాన్ని ఎదిరించి, షాపూర్‌లో కోట కట్టుకుని, 1708లో ఓరుగల్లు పట్నాన్నే కొల్లగొట్టిన మనిషి. ఆయన పాటను జె.ఎ. బాయిల్ 1874లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో అచ్చు వేశాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఆయన్ని దొంగగా, దుర్మార్గుడిగా రాశాడు. జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో ఈ రెండు కథనాలనూ పక్కపక్కన పెట్టి చదివారు. 2005లో రిచర్డ్ ఈటన్ దక్కన్ సామాజిక చరిత్ర మీద రాసిన పుస్తకంలో ఒక అధ్యాయం పాపన్నకిచ్చాడు.

పాటలో పాపన్న వెనక నడిచిన వాళ్ళ పేర్లు వరసగా వస్తాయి. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల, తురక. పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్ళలో శ్రామిక కులాలు ఒక్క జెండా కిందికి రావడాన్ని ఇంత స్పష్టంగా చెప్పిన పాట ఇంకొకటి దొరకడం కష్టం. దళిత బహుజన ఉద్యమాలు ఆ పాటను తమదిగా చేసుకోవడంలో న్యాయం ఉంది. అయితే ఆ వరసలో కులాలు అన్నీ ఉన్నాయి గానీ ఒక్క ఆడమనిషి పేరు లేదు. పాటలో ఉన్న స్త్రీ తల్లి సర్వమ్మ. ఆమె పని వద్దనడం. కులవృత్తి చేసుకుని బతకరా అని తల్లి అంటుంది, చెట్లెక్కి కల్లు గీయడం కాదు గోల్కొండ మీదికే పోతానని కొడుకు అంటాడు. కొడుకు ఎంత పెద్ద మాట అన్నాడో మనకు వినిపించడానికే తల్లి ఆ చిన్న మాట అనాల్సి వచ్చింది. అతను బయలుదేరాక పాటకు ఆమెతో పెద్దగా పని ఉండదు.

ఖాఫీఖాన్ వైపు వెళితే స్త్రీలు ఎక్కువమంది కనిపిస్తారు. పాపన్న మొదట దోచింది తన సొంత అక్కచెల్లెళ్ళలో ఒకామెను. ఆమె డబ్బున్న విధవ. ఆమె సొమ్ము, నగలు లాక్కుని ఆ డబ్బుతో మనుషుల్ని కూడగట్టాడు. ఓరుగల్లు దాడిలో వేలమంది ఆడవాళ్ళనూ పిల్లలనూ పట్టుకుపోయారు. నగర ఖాజీ భార్యా కూతురూ వాళ్ళలో ఉన్నారు. చివరికి షాపూర్ కోట లోపలి నుంచి తెగింది కూడా ఒక స్త్రీ చేతనే. పాపన్న భార్య తోడబుట్టినవాడు మొగలుల కింద ఫౌజుదారు. అతన్ని పాపన్న నెలల తరబడి చెరలో ఉంచాడు. ఆమె అన్నంలో ఆకురాళ్ళు దాచి పంపింది. వాటితో సంకెళ్ళు కోసుకుని ఖైదీలు బయటపడ్డారు.

ఖాఫీఖాన్ పాపన్నకు శత్రువు. కింది కులం వాడు పట్నం దోచాడన్న కసి ఆయన ప్రతి వాక్యంలోనూ ఉంది. స్త్రీల మీద జాలితో ఆయన ఇదంతా రాయలేదు. ఖాజీ భార్యను ఎత్తుకుపోవడం ఆయనకు ఖాజీకి జరిగిన అవమానం. మొగలు సైన్యాలు పట్టుకున్న ఊళ్ళలో ఆడవాళ్ళకు ఏమైందో ఆయన ఇంత ఓపిగ్గా రాయడు. అందుకని బహుజన మేధావులు కొందరు ఈ భాగాలను పూర్తిగా కొట్టిపారేస్తారు. కొట్టిపారేస్తే మనకు మిగిలేది సర్వమ్మ ఒక్కతే. కొట్టిపారేయకుండా శత్రువు రాతను జాగ్రత్తగా చదవడం స్త్రీల చరిత్రకు కొత్త కాదు. మన స్త్రీల గురించి రాజ్యం దగ్గర ఉన్న కాగితాలన్నీ దాదాపు అలాంటివే.

ఆ భార్య సంగతి చూడండి. గాథల భాషలో ఆమె ద్రోహి. తోడబుట్టినవాడు బందీగా, భర్త బంధించినవాడుగా ఉన్న ఇంట్లో రోజూ ఇద్దరికీ వండిపెట్టిన మనిషి ఏం ఆలోచించి ఉంటుందో ఏ పాటా అడగలేదు. పల్నాటి గాథలో నాగమ్మ మంత్రాంగం నడిపితే యుద్ధానికి ఆమే కారణమయింది. 1757 జనవరిలో బొబ్బిలి కోటను బుస్సీ సైన్యం, విజయనగరం సైన్యం ముట్టడించినప్పుడు లోపలి స్త్రీలను వాళ్ళ మగవాళ్ళే చంపేశారు. శత్రువు చేతికి చిక్కకూడదన్నారు. పాటలో అది పౌరుషమయింది. మాట్లాడకుండా చస్తే స్త్రీకి గాథలో పూజ, తన నిర్ణయం తాను తీసుకుంటే నింద. వద్దన్న తల్లికి పూజా లేదు, నిందా లేదు. ఆమె మాటను దాటి కథ ముందుకు పోతుంది.

మా కొండల్లోకి వస్తే ఇంకో పేరు ఉంది. గొలుగొండ జమీనులో 1836లో కంపెనీ ప్రభుత్వం జమీందారు అనంత భూపతిని తప్పించి, ఆ కుటుంబానికే చెందిన జమ్మ దేవమ్మను గద్దె మీద కూర్చోబెట్టింది. కొండ ముఠాదార్లను ఒక్క మాట అడగలేదు. వాళ్ళు ఆమెను కొండల్లోకి ఎత్తుకుపోయి చంపేశారు. తర్వాత జమీను వేలానికి వచ్చింది, ప్రభుత్వమే కొనుక్కుంది. 1845 నుంచి 1848 దాకా, మళ్ళీ 1857-58లో పితూరీలు జరిగాయి. 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఆమె ప్రస్తావన రెండు మూడు వాక్యాలు. 1839 నుంచి 1924 దాకా గూడెం, రంప కొండల్లో జరిగిన తిరుగుబాట్ల మీద డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో రాసిన వ్యాసం ఈ వరసకు ఉన్న తర్కాన్ని బాగా చెబుతుంది. 1879 రంప పితూరీకి ఒక కారణం చిగురుపన్ను, అంటే కొండవాళ్ళు గీసుకుని తాగే కల్లు మీద వేసిన పన్ను. పాపన్న కులవృత్తి కల్లు, రంపలో రగిలింది కల్లు, మెక్సికో సరిహద్దులో సారా. జనం తాగే దాని మీద రాజ్యం చెయ్యి వేసిన ప్రతిచోటా ఒక తిరుగుబాటుదారో ఒక దొంగవ్యాపారో పుట్టాడు, వాడి వెనక ఒక పాట పుట్టింది.

జమ్మ దేవమ్మను ఆ వరసలో ఎక్కడ పెట్టాలి? కంపెనీ ఆమెను పావుగా వాడుకుంది. కొండదొరలు ఆమెను కంపెనీకి బదులు చంపారు. పితూరీ న్యాయమయినదే, ఆ హత్య న్యాయం కాదు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనగలిగే పాట మా వైపు పుట్టలేదు. వీరగాథకు పక్షం ఒకటే ఉంటుంది. మధ్యలో పడి చచ్చిన మనిషికి పక్షం ఉండదు కాబట్టి పాట కూడా ఉండదు.

ఈ పాత అచ్చు ఇప్పుడు సినిమా చేతికి వచ్చింది. ఎర్రచందనం దొంగరవాణా చేసేవాడు 2021లో పుష్పగా తెరకెక్కి దేశమంతా తిరిగాడు. గంజాయి మోసే ఘాట్ల మనుషుల మీద 2025లో ఘాటి సినిమా వచ్చింది. అందులో నాయిక ఉంది, ఆమె పేరు శీలావతి. ఈ పేరు సినిమావాళ్ళు ఊరికే పెట్టింది కాదు. సరిహద్దు కొండల్లో పండే ఒక గంజాయి రకాన్ని వ్యాపారంలో శీలావతి అంటారు. శీలం గల ఆడది అని అర్థం వచ్చే పేరు మత్తు సరుకుకు పెట్టి నవ్వుకున్నది మగవాళ్ళే అయి ఉంటారు. మెక్సికోలో కామెలియా చేతికి తుపాకీ వచ్చినట్టే మన శీలావతి చేతికీ ఆయుధం వచ్చింది. ఆడది కూడా అదే అచ్చులో ఒదగగలదని తెలిసింది గానీ అచ్చు మారలేదు.

తెర పక్కన పెడితే కనిపించే లెక్కలు వేరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి ఇరవై కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. శిక్ష కనీసం పదేళ్ళు, ఇరవై దాకా పోవచ్చు, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. బెయిలు దొరకడం చాలా కష్టం. ఇరవై కిలోలంటే ఒక మనిషి నెత్తిన పెట్టుకునే బరువే. కాబట్టి కూలికి మోసినవాడూ సరుకు యజమానీ చట్టం దృష్టిలో ఒకటే అవుతారు. దొరికేది మాత్రం మోసినవాడు. పరివర్తన పేరుతో పోలీసులు 2021 చివర్లో వేల ఎకరాల పంట నరికించి, 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. ఆ మంటల ఫోటోలు పేపర్లన్నిటిలో వచ్చాయి. ఆ పంటకు ముందస్తుగా అప్పు తీసుకున్న గిరిజన కుటుంబాల్లో ఆ ఏడాది ఏం వండుకున్నారన్న వార్త అంత పెద్ద అక్షరాల్లో రాలేదు. మొగుడు జైలుకు పోతే వాయిదాలకు తిరిగేదీ, ప్లీడరు ఫీజు కోసం పుస్తె తాకట్టు పెట్టేదీ, సరుకు పోయిందని ఇంటిమీదికి వచ్చిన దళారికి జవాబు చెప్పేదీ ఆడమనిషే. పదేళ్ళ శిక్ష పడింది ఒకరికయితే అనుభవించేది ఇద్దరు.

ఇది పాటకు పనికిరాని విషయమని ఎవరైనా అంటే మన చరిత్రే ఒప్పుకోదు. అక్షరాస్యతా ఉద్యమంలో వాడిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. అందులో కత్తి లేదు, కోట లేదు. తాగుబోతు భర్త, కూలి డబ్బులు, ఇంటి గొడవ ఉన్నాయి. ఆ పాఠం చదువుకున్న నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు దూబగుంటలో మొదలుపెట్టి 1992లో సారా ఉద్యమం నడిపారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు కట్టిన పాటల్లో వీరుడు లేడు, మేమున్నాం. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ కూడా ఇలాంటి పనే చేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో వండిపెట్టి, ఉత్తరాలు మోసి, బిడ్డల్ని పోగొట్టుకున్న స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడించింది. పోరాటాన్ని తక్కువ చేయకుండానే, పోరాటంలో తమకు జరిగింది వాళ్ళు చెప్పారు.

మెక్సికోలో ఇప్పుడు ఆ పని తల్లులు చేస్తున్నారు. 2022లో అక్కడి ప్రభుత్వ జాబితాలోనే కనిపించకుండా పోయినవాళ్ళ సంఖ్య లక్ష దాటింది. తల్లులు గుంపులుగా పారలు, ఇనప చువ్వలు పట్టుకుని బంజర్లలో నేల గుచ్చి చూస్తున్నారు. చువ్వ బయటికి తీసి కొస వాసన చూస్తారు, కింద శవముందో లేదో తెలుసుకోవడానికి. ఈ తల్లులు వద్దన్న తల్లులే. కొడుకు బయలుదేరాక కథ వాళ్ళను వదిలేసింది గానీ వాళ్ళు కథను వదల్లేదు.

మన కొండల కింద ఈ పని ఇంకా మొదలుకావాలి. నర్సీపట్నం, చోడవరం కోర్టుల బయట అన్నం మూటలతో కూర్చునే ఆడవాళ్ళు తమ కథ ఏ భాషలో, ఏ వరసలో చెబుతారో రాసుకోవాలి. కువి, కొండదొర, భగత ఇళ్ళలో ఆడవాళ్ళు పని చేసుకుంటూ పాడుకునే పాటల్లో పోలీసు, దళారి, జైలు అన్న మాటలు ఎప్పుడు చేరాయో వినాలి. అడిగేటప్పుడు కేసు వివరాలు అడగకూడదు, పేర్లు రాయకూడదు. ఆమె మాట రేపు ఆమె మొగుడి మీద సాక్ష్యం కాకుండా చూసుకోవడం మన బాధ్యత. అల్లూరి మీద, పాపన్న మీద పాటలు పాడేవాళ్ళు పాడుతూనే ఉంటారు, పాడాలి కూడా. ఆ పాట పూర్తయ్యాక, సర్వమ్మా, కొడుకు వెళ్ళాక నువ్వేం చేశావు అని అడిగే శ్రోతలు కూడా పందిట్లో ఉండాలి.